విండోస్ సర్వర్ క్లస్టర్‌లో ఫెయిలోవర్, రీస్టార్ట్ సెట్టింగులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీ విండోస్ సర్వర్ 2016, ఆ తర్వాతి వెర్షన్ల మీద నడిచే ఫెయిలోవర్ క్లస్టర్ల గురించి. క్లస్టర్ అంటే కలిసి పనిచేసే సర్వర్ల గుంపు, అందులో ఒక్కో సర్వర్ ఒక నోడ్. ఒక నోడ్ మీద పడిపోయిన పనిని ఇంకో నోడ్ అందుకోవడమే ఫెయిలోవర్. ఉదాహరణలు ఎక్కువగా రెండు నోడ్ల ఎస్‌క్యూఎల్ సర్వర్ క్లస్టర్‌వే, ప్రశ్నలు ఎక్కువగా వచ్చేది అక్కడి నుంచే కాబట్టి. ఫెయిలోవర్ క్లస్టర్ మేనేజర్ తెర మీద కనిపించే పేర్లను అదే ఉచ్చారణతో ఇచ్చాం. వెతుక్కోవడానికి తేలిక.

రీస్టార్ట్, ఫెయిలోవర్ రెండూ ఒకటే కదా? సెట్టింగులు రెండు చోట్ల ఎందుకున్నాయి?

ఒకటి కాదు. డిస్కు, ఐపీ అడ్రస్, నెట్‌వర్క్ నేమ్, ఎస్‌క్యూఎల్ సర్వీసు ఒక్కొక్కటీ ఒక రిసోర్స్. ఇవన్నీ కలిసిన మూట రోల్. ఒక రిసోర్స్ పడిపోతే క్లస్టర్ ముందు ఆ రిసోర్స్ ప్రాపర్టీస్‌లోని పాలసీస్ ట్యాబ్ చూస్తుంది: ఇదే నోడ్ మీద మళ్లీ లేపాలా, ఎన్నిసార్లు? ఆ అవకాశాలు అయిపోయాకే మొత్తం రోల్‌ని ఇంకో నోడ్‌కి తీసుకెళ్లాలా అన్న ప్రశ్న వస్తుంది. అప్పుడు చూసేది రోల్ ప్రాపర్టీస్‌లోని ఫెయిలోవర్ ట్యాబ్.

అంటే లెక్కలు రెండు. రిసోర్స్ ఎన్నిసార్లు రీస్టార్ట్ అయిందన్నది ఒకటి, రోల్ ఎన్నిసార్లు మారిందన్నది ఇంకొకటి. "క్లస్టర్ పని చేయలేదు" అని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటిలో క్లస్టర్ చెప్పినట్టే చేసి ఉంటుంది. చూసినవాళ్లు ఒక లెక్క చూసి ఉంటారు, అయిపోయింది రెండోది అయి ఉంటుంది.

ఏ సెట్టింగూ ముట్టుకోకపోతే ఏం జరుగుతుంది?

నోడ్-1, నోడ్-2 ఉన్న క్లస్టర్ అనుకోండి. రోల్ నోడ్-1 మీద ఉంది. డిఫాల్ట్ విలువలతో ఇలా నడుస్తుంది.

ఉదయం 10:00కి ఎస్‌క్యూఎల్ సర్వీసు క్రాష్ అయింది. అర సెకను ఆగి క్లస్టర్ దాన్ని నోడ్-1 మీదే లేపుతుంది. 10:06కి మళ్లీ పడింది. 15 నిమిషాల్లో ఒక్క రీస్టార్ట్ అన్నది డిఫాల్ట్, ఆ ఒక్కటీ వాడేశారు. కాబట్టి రోల్ మొత్తం నోడ్-2కి వెళ్తుంది. రోల్ లెక్కలో ఇది మొదటి ఫెయిలోవర్.

11:30కి నోడ్-2 మీద సర్వీసు పడింది, అక్కడే లేచింది. 11:35కి మళ్లీ పడింది. ఇప్పుడు నోడ్-1 ఖాళీగా, ఆరోగ్యంగా ఉన్నా రోల్ అక్కడికి వెళ్లదు. ఎందుకంటే రోల్‌కి డిఫాల్ట్ పరిమితి 6 గంటల్లో నోడ్ల సంఖ్య కంటే ఒకటి తక్కువ. రెండు నోడ్లకి అది 1. రోల్ 'ఫెయిల్డ్' స్థితిలో ఆగిపోతుంది, సిస్టమ్ లాగ్‌లో ఈవెంట్ 1254 పడుతుంది: ఫెయిలోవర్ పరిమితి దాటింది, ఇక వదిలేస్తున్నాను అని దాని సారాంశం.

"మధ్యాహ్నం టెస్ట్‌లో బాగానే మారింది, సాయంత్రం నిజంగా అవసరమైనప్పుడు మారలేదు" అన్న ఫిర్యాదుకి నూటికి తొంభై పాళ్లు ఇదే కారణం. మధ్యాహ్నం టెస్టే ఆ ఒక్క అవకాశాన్ని తినేసింది.

ఆ పరిమితిని ఎక్కడ, ఎంతకి మార్చాలి?

ఫెయిలోవర్ క్లస్టర్ మేనేజర్‌లో రోల్స్, మీ రోల్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, ఫెయిలోవర్ ట్యాబ్. అక్కడ 'మాగ్జిమమ్ ఫెయిల్యూర్స్ ఇన్ ద స్పెసిఫైడ్ పీరియడ్', దాని కింద గంటల్లో 'పీరియడ్' ఉంటాయి.

టెస్టులు చేసే రోజు 10 పెట్టుకోండి, పని అయ్యాక తగ్గించండి. ప్రొడక్షన్‌లో రెండు నోడ్ల మీద 6 గంటలకి 2 లేదా 3 మా లెక్కలో సరిపోతుంది. 20, 50 పెట్టేవాళ్లున్నారు. దాని ఫలితం, ఒకే తప్పు రెండు నోడ్ల మీదా ఉన్నప్పుడు తెలుస్తుంది. ఉదాహరణకి డేటాబేస్ ఫైల్ పాడైంది, లేదా సర్వీసు అకౌంట్ పాస్‌వర్డ్ గడువు ముగిసింది. రోల్ అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. తిరిగిన ప్రతిసారీ కనెక్షన్లన్నీ తెగుతాయి, పూర్తికాని ట్రాన్సాక్షన్లు వెనక్కి పోతాయి, మెమొరీలోని కాష్ ఖాళీ అవుతుంది. ఒక చోట పడి ఆగితే అలారం మోగి మనిషి వస్తాడు. తిరుగుతూ ఉంటే యూజర్లకి "సిస్టమ్ స్లోగా ఉంది" అని మాత్రమే కనిపిస్తుంది, అసలు తప్పు గంటల తరబడి దాక్కుంటుంది.

మూవ్ కమాండ్‌తో మీరు చేత్తో మార్చినవి, మెయింటెనెన్స్ కోసం డ్రెయిన్ చేసినవి (నోడ్‌ని ఖాళీ చేయడానికి దాని రోల్స్‌ని పక్క నోడ్‌కి పంపినవి) ఈ లెక్కలోకి రావు.

పాలసీస్ ట్యాబ్‌లోని ఒక్కో గడి అర్థం ఏమిటి?

రోల్‌ని ఎంచుకుని, కింద రిసోర్సెస్ ట్యాబ్‌లో రిసోర్స్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిస్తే ఇది కనిపిస్తుంది.

పైన రెండు ఎంపికలు: 'డు నాట్ రీస్టార్ట్', 'అటెంప్ట్ రీస్టార్ట్ ఆన్ కరెంట్ నోడ్'. మొదటిది ఎంచుకుంటే ఆ రిసోర్స్ పడిన చోటే పడి ఉంటుంది. ఫెయిలోవర్ కూడా జరగదు. "రీస్టార్ట్ వద్దు, నేరుగా ఫెయిలోవర్ కావాలి" అనుకునేవాళ్లు ఇది నొక్కి దెబ్బతింటారు. నేరుగా ఫెయిలోవర్ కావాలంటే రెండోదే ఎంచుకుని 'మాగ్జిమమ్ రీస్టార్ట్స్' దగ్గర 0 పెట్టాలి.

'పీరియడ్ ఫర్ రీస్టార్ట్స్' 15:00, అంటే 15 నిమిషాలు. 'మాగ్జిమమ్ రీస్టార్ట్స్' 1. 'డిలే బిట్వీన్ రీస్టార్ట్స్' 0.5 సెకను. ఆ కింద టిక్ బాక్సు: రీస్టార్ట్ ఫలించకపోతే రోల్‌లోని రిసోర్సులన్నింటినీ ఫెయిలోవర్ చేయి. దాని కింద ఇంకో టిక్: ప్రయత్నాలన్నీ విఫలమైతే ఇంత సమయం తర్వాత మళ్లీ మొదలుపెట్టు, డిఫాల్ట్ 1 గంట. చివర 'పెండింగ్ టైమౌట్' 3 నిమిషాలు.

ఇందులో పీరియడ్, మాగ్జిమమ్ రీస్టార్ట్స్ రెండింటినీ విడివిడిగా ఎప్పుడూ చూడకండి. ఒక సర్వీసు లేవడానికి 70 సెకన్లు పడుతుంది, లేచిన 20 సెకన్లకి పడిపోతోంది అనుకుందాం. అంటే ప్రతి 90 సెకన్లకి ఒక వైఫల్యం. ఎవరో పీరియడ్ 2 నిమిషాలు, మాగ్జిమమ్ 3 అని పెట్టారు. ఏ రెండు నిమిషాలు తీసుకున్నా అందులో రెండుకి మించి వైఫల్యాలు పట్టవు. పరిమితి ఎప్పటికీ దాటదు, ఫెయిలోవర్ ఎప్పటికీ రాదు. సర్వీసు అదే నోడ్ మీద పడుతూ లేస్తూ తెల్లారిపోతుంది. పీరియడ్ ఎప్పుడూ ఒక వైఫల్యం నుంచి ఇంకో వైఫల్యానికి పట్టే సమయాన్ని, అనుమతించిన రీస్టార్ట్‌ల కంటే ఒకటి ఎక్కువతో గుణిస్తే వచ్చేదానికి మించి ఉండాలి. ఇక్కడ 90 సెకన్లు ఇంటూ 4, అంటే 6 నిమిషాలు. కొంచెం వదులుగా 10 పెట్టుకోవచ్చు.

రెండో వైపు తప్పు, మాగ్జిమమ్‌ని 10కి పెంచడం. పై సర్వీసుకే పీరియడ్ 30 నిమిషాలతో 10 రీస్టార్ట్‌లు ఇస్తే, పక్కన మంచి నోడ్ ఉండగానే పదిహేను నిమిషాలు పాడైన నోడ్ మీద పోతాయి.

సిమ్యులేట్ ఫెయిల్యూర్ నొక్కాను, ఫెయిలోవర్ కాలేదు. క్లస్టర్ చెడిపోయిందా?

లేదు. రిసోర్స్ మీద మోర్ యాక్షన్స్, సిమ్యులేట్ ఫెయిల్యూర్ మొదటిసారి నొక్కితే డిఫాల్ట్ ప్రకారం అదే నోడ్ మీద రీస్టార్ట్ అవుతుంది. 15 నిమిషాల్లోపు రెండోసారి నొక్కితే ఫెయిలోవర్ అవుతుంది. టాస్క్ మేనేజర్‌లో ప్రాసెస్‌ని చంపినా ఇదే వరస. టెస్టు నివేదికలో "మొదటి వైఫల్యం: రీస్టార్ట్, రెండోది: ఫెయిలోవర్" అని రెండు వరసలు ముందే రాసిపెట్టుకుంటే ఆడిటర్ ముందు తడబాటు ఉండదు.

చిన్న సర్వీసు పడితే డేటాబేస్ మొత్తం ఇంకో నోడ్‌కి వెళ్లిపోయింది. ఆపేదెలా?

ఎస్‌క్యూఎల్ ఏజెంట్, బ్యాకప్ ఏజెంట్, ఫైల్ షేర్, మానిటరింగ్ సర్వీసు లాంటివి రోల్‌లో ఉంటే, ఒక్కొక్కదాని పాలసీస్ ట్యాబ్‌లో 'ఫెయిలోవర్ ఆల్ రిసోర్సెస్ ఇన్ దిస్ రోల్' టిక్ తీసేయండి. అప్పుడు అది పడితే తనే పడుతుంది, మిగతావి నడుస్తూ ఉంటాయి. కానీ దానికి వేరే అలర్ట్ తప్పకుండా పెట్టండి. ఏజెంట్ పడిపోయి రాత్రి బ్యాకప్ జాబులు నడవకపోయినా రోల్ స్థితి చూసేవాళ్లకి సులువుగా తెలియదు. 'పార్షియలీ రన్నింగ్' అన్న మాట ఒక్కటే కనిపిస్తుంది.

డిస్కు, ఐపీ, నెట్‌వర్క్ నేమ్, ఎస్‌క్యూఎల్ సర్వీసు ఈ నాలుగింటికీ మాత్రం టిక్ ఉండాల్సిందే.

టిక్ తీసినా డిపెండెన్సీ చూసుకోండి. ఎస్‌క్యూఎల్ సర్వీసు పొరపాటున ఆ చిన్న రిసోర్స్ మీద ఆధారపడేలా గీసి ఉంటే, కిందది పడితే పైదీ పడుతుంది.

సర్వీసెస్ కన్సోల్‌లో సర్వీసు ఆపాను. దానంతటదే లేచింది.

క్లస్టర్‌కి అది వైఫల్యమే. మీరు ఆపారని దానికి తెలియదు, లేపుతుంది. రెండోసారి ఆపితే రోల్‌ని పక్క నోడ్‌కి పంపేస్తుంది. పని కోసం ఆపాలంటే క్లస్టర్ మేనేజర్‌లో ఆ రిసోర్స్‌ని 'టేక్ ఆఫ్‌లైన్' చేయండి. ఎస్‌క్యూఎల్ కాన్ఫిగరేషన్ మేనేజర్ క్లస్టర్ సంగతి తెలిసిన పనిముట్టు, దాన్ని వాడినా ఫర్వాలేదు.

సొంత అప్లికేషన్ సర్వీసుని జెనరిక్ సర్వీస్‌గా పెట్టాం. ఏం చూసుకోవాలి?

అన్ని నోడ్ల మీదా సర్వీసు స్టార్టప్ టైప్ మాన్యువల్‌గా ఉండాలి. ఆటోమేటిక్‌గా ఉంటే రోల్ లేని నోడ్ బూట్ అయినప్పుడు కూడా సర్వీసు లేచి, డిస్కు దొరక్క ఏడుస్తుంది, లేదా ఒకే పనిని రెండు చోట్ల చేస్తుంది. సర్వీసు ప్రాపర్టీస్‌లోని రికవరీ ట్యాబ్‌లో మూడు గడుల్లోనూ 'టేక్ నో యాక్షన్' పెట్టండి. లేకపోతే విండోస్ ఒకవైపు, క్లస్టర్ ఒకవైపు లేపడానికి పోటీ పడతాయి, ఎవరి లెక్కా సరిగా ఉండదు.

ఇంకో పరిమితి. జెనరిక్ సర్వీస్‌కి క్లస్టర్ చూసేది సర్వీసు 'రన్నింగ్'లో ఉందా లేదా అన్నదే. లోపల థ్రెడ్లన్నీ బిగుసుకుపోయి ఎవరికీ జవాబివ్వకపోయినా దాని దృష్టిలో అది ఆరోగ్యంగానే ఉంది. ఎన్ని రీస్టార్ట్ సెట్టింగులు మార్చినా దీనికి మందు లేదు. పోర్టుకి వెళ్లి నిజంగా జవాబు తెచ్చే పరీక్షని మీరే రాసి, జవాబు రాకపోతే ఆ ప్రాసెస్‌ని ఆపేసేలా చేయాలి. మిగతాది క్లస్టర్ చూసుకుంటుంది.

పెండింగ్ టైమౌట్ ఎప్పుడు పెంచాలి?

రిసోర్స్ ఆన్‌లైన్‌లోకి రావడానికి నిజంగానే 3 నిమిషాలకి మించి పడుతుంటే. ఆ గడువు దాటితే క్లస్టర్ దాన్ని విఫలమైనట్టే లెక్కేస్తుంది, సగం లేచినదాన్ని ఆపి మళ్లీ మొదటి నుంచి లేపుతుంది. భారీ జావా అప్లికేషన్లు ఈ వలయంలో చిక్కుకుంటాయి.

ఎస్‌క్యూఎల్ సర్వర్ లేవడం ఆలస్యమైతే టైమౌట్ పెంచే ముందు టెంప్‌డీబీ (ఎస్‌క్యూఎల్ తాత్కాలిక పనులకి వాడుకునే డేటాబేస్) చూడండి. అది ప్రతిసారీ కొత్తగా తయారవుతుంది. డేటా ఫైళ్లకి ఇన్‌స్టంట్ ఫైల్ ఇనిషియలైజేషన్ (సున్నాలతో నింపకుండానే ఫైల్‌కి చోటు కేటాయించడం) పనిచేయాలంటే సర్వీసు అకౌంట్‌కి 'పర్ఫార్మ్ వాల్యూమ్ మెయింటెనెన్స్ టాస్క్స్' హక్కు రెండు నోడ్ల మీదా ఉండాలి. ఒక నోడ్ మీద ఇచ్చి రెండోది మర్చిపోతే, అటు వెళ్లినప్పుడు మాత్రమే ఆలస్యం కనిపిస్తుంది.

కొలిచిన సమయానికి రెట్టింపు పెట్టడం మంచి లెక్క. 5 నిమిషాలు పడుతుంటే 10. గంట పెట్టకండి, నిజంగా బిగుసుకుపోయినప్పుడు ఆ గంటంతా కాచుకుంటుంది.

రాత్రి 2 గంటలకి ఫెయిలైన రోల్ 3 గంటలకి దానంతటదే లేచింది. ఎవరు లేపారు?

క్లస్టరే. పాలసీస్ ట్యాబ్‌లో ఆ 1 గంట సెట్టింగు పని అది. మధ్యలో స్టోరేజ్ తిరిగి వచ్చి ఉంటుంది, మళ్లీ ప్రయత్నించగానే లేచింది. ఇది ఉపయోగపడే సెట్టింగే. స్టోరేజ్ పోయి వచ్చే చోట 15 నిమిషాలకి తగ్గించుకోవచ్చు. కానీ డేటా పాడైందేమో అన్న అనుమానం ఉన్నప్పుడు, మీరు పరిశీలిస్తుండగానే అది లేవకుండా రోల్‌ని చేత్తో ఆఫ్‌లైన్ చేసి పెట్టండి. చేత్తో ఆఫ్‌లైన్ చేసినదాన్ని అది ముట్టుకోదు.

ఫెయిల్‌బ్యాక్ ఆన్ చేయాలా?

డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది, డేటాబేస్‌లకి అలాగే ఉంచండి. పాత నోడ్ తిరిగి రాగానే రోల్ వెనక్కి వెళ్లడం అంటే ఇంకో అంతరాయం, అదీ ఆ నోడ్ ఎందుకు పడిందో తెలుసుకోకముందే. 'ఇమ్మీడియట్లీ' పెట్టిన చోట, ప్రతి పది నిమిషాలకి రీబూట్ అవుతున్న నోడ్ ఒకటి ఉంటే ఏమవుతుందో ఊహించుకోండి.

నోడ్ల సామర్థ్యంలో తేడా ఉండి తప్పదనుకుంటే గంటల మధ్య విండో ఇవ్వండి, 1కి 4కి మధ్య అని. గంటలు 0 నుంచి 23 వరకు. మొదటిది రెండోదాని కంటే పెద్దదైతే, 23 నుంచి 3 లాగా, అర్ధరాత్రి దాటి మరుసటి రోజుకి లెక్కేస్తుంది. ఆ సమయంలో మీ బ్యాకప్ నడుస్తుందేమో చూసుకోండి. జనరల్ ట్యాబ్‌లో ప్రిఫర్డ్ ఓనర్ టిక్ చేయకపోతే ఫెయిల్‌బ్యాక్ ఆన్ చేసినా ఏమీ జరగదు. ఎక్కడికి వెనక్కి వెళ్లాలో దానికి తెలియాలి కదా.

ప్రిఫర్డ్ ఓనర్, పాసిబుల్ ఓనర్ తేడా?

ప్రిఫర్డ్ రోల్‌కి ఉండేది, ఇష్టం మాత్రమే. పాసిబుల్ ప్రతి రిసోర్స్‌కీ ఉండేది, గట్టి నిషేధం. అడ్వాన్స్‌డ్ పాలసీస్ ట్యాబ్‌లో ఒక్క రిసోర్స్‌కి ఒక నోడ్ టిక్ తీసేసి ఉంటే ఆ రోల్ మొత్తం ఆ నోడ్‌కి వెళ్లలేదు. ప్యాచింగ్ రోజు ఎవరో టిక్ తీసి తిరిగి పెట్టడం మర్చిపోవడం చాలా మామూలు. ఫెయిలోవర్ జరగకపోతే రోల్ పరిమితి తర్వాత చూడాల్సిన రెండో చోటు ఇదే. ప్యాచింగ్‌కి టిక్కులు తీయకండి, నోడ్ మీద 'పాజ్, డ్రెయిన్ రోల్స్' వాడండి.

నోడ్ బాగానే ఉంది, అయినా క్లస్టర్ నుంచి బయటికి తోసేసింది. ఈవెంట్ 1135 పడింది.

హార్ట్‌బీట్ అందలేదు. నోడ్లు ఒకదానికొకటి సెకనుకి ఒకసారి యూడీపీ 3343 పోర్టు మీద పలకరించుకుంటాయి. వరసగా ఇన్ని తప్పిపోతే పోయినట్టే అన్న సంఖ్య 'సేమ్ సబ్‌నెట్ థ్రెషోల్డ్'. 2012 ఆర్2లో అది మామూలుగా 5, 2016లో 10కి పెంచారు. వేర్వేరు సబ్‌నెట్‌లలో ఉన్న నోడ్లకి 'క్రాస్ సబ్‌నెట్ థ్రెషోల్డ్' 20.

నోడ్లు వర్చువల్ మెషీన్లయితే మొదటి అనుమానం బ్యాకప్ స్నాప్‌షాట్ మీద, రెండోది వీమోషన్ (నడుస్తున్న వర్చువల్ మెషీన్‌ని ఇంకో హోస్ట్‌కి మార్చడం) మీద. రెండూ మెషీన్‌ని కొన్ని సెకన్లు నిలిపేస్తాయి. ఈవెంట్ సమయాన్ని బ్యాకప్ జాబు సమయంతో పక్కపక్కన పెట్టి చూస్తే చాలాసార్లు అక్కడే తేలిపోతుంది. బ్యాకప్‌ని ఏజెంట్ పద్ధతికి మార్చండి, కుదరకపోతే థ్రెషోల్డ్ 20కి పెంచండి. పెంచినంత మేరా నిజంగా నోడ్ చచ్చినప్పుడు గుర్తించడం ఆలస్యమవుతుంది. 20 అంటే 20 సెకన్లు, ఆ తర్వాత డిస్కు, ఐపీ, సర్వీసు లేచే సమయం అదనం. థ్రెషోల్డ్ పెంచండి గానీ 'డిలే'ని (ఒక హార్ట్‌బీట్‌కీ ఇంకోదానికీ మధ్య వ్యవధిని) ముట్టుకోకండి.

రెండు నోడ్లూ ఒకే భౌతిక హోస్ట్ మీద కూర్చుని ఉన్నాయేమో కూడా ఒకసారి చూడండి. అలా ఉంటే ఈ పేజీలోని ఏ సెట్టింగూ మిమ్మల్ని కాపాడదు. వేర్వేరు హోస్టుల మీదే ఉంచేలా రూల్ పెట్టాలి.

హైపర్-వీ క్లస్టర్‌లో హోస్ట్ పవర్ పీకేశాం. వీఎంలు (వర్చువల్ మెషీన్లు) పక్క హోస్ట్ మీద లేవడానికి నాలుగు నిమిషాలు పట్టింది.

2016 నుంచి వచ్చిన రెసిలియెన్సీ పని. నోడ్ మాట్లాడటం మానేస్తే దాన్ని వెంటనే తీసేయకుండా 'ఐసొలేటెడ్' అని గుర్తు పెట్టి 240 సెకన్లు కాచుకుంటుంది. చిన్న నెట్‌వర్క్ తుళ్లింతకి వీఎంలన్నీ రీబూట్ కాకూడదని అలా చేశారు. క్లస్టర్ ప్రాపర్టీ 'రెసిలియెన్సీ డిఫాల్ట్ పీరియడ్'ని పవర్‌షెల్‌లో తగ్గించుకోవచ్చు, 0 పెడితే పాత పద్ధతి. స్విచ్‌లు నమ్మకమైనవైతే 30, 60 సెకన్లు నడుస్తాయి.

గంటలో మూడుసార్లు ఇలా తప్పిపోయిన నోడ్‌ని 'క్వారంటైన్'లో పెడుతుంది, 2 గంటలు లోపలికి రానివ్వదు. తప్పు సరిచేశాక స్టార్ట్-క్లస్టర్‌నోడ్ కమాండ్‌కి క్లియర్-క్వారంటైన్ స్విచ్ ఇస్తే ముందే వస్తుంది.

హైదరాబాద్‌లో రెండు నోడ్లు, డీఆర్ (విపత్తు వస్తే ఆదుకునే ఏర్పాటు) కోసం ముంబైలో ఒకటి. విట్నెస్ ఎక్కడ పెట్టాలి?

విట్నెస్ అంటే నోడ్లతో పాటు ఓటు వేసే అదనపు సాక్షి. సగానికి మించి ఓట్లు ఉంటేనే క్లస్టర్ నడుస్తుంది, దాన్నే కోరం అంటారు. డీఆర్‌కి మారడం మీరే నిర్ణయించుకుని చేత్తో చేసే పద్ధతైతే ముంబై నోడ్ ఓటు తీసేయండి, అంటే నోడ్ వెయిట్ 0. విట్నెస్ హైదరాబాద్ వైపే ఉంచండి. అప్పుడు రెండు ఊళ్ల మధ్య లింకు తెగినా హైదరాబాద్ కదలదు. విట్నెస్‌ని ముంబైలో పెడితే, లింకు తెగినరోజే ఇక్కడ ఒక నోడ్ కూడా పోతే కోరం చిక్కుల్లో పడుతుంది.

రెండు సైట్ల మధ్య ఆటోమేటిక్‌గా మారాలంటే విట్నెస్ మూడో చోట ఉండాలి. 2016 నుంచి క్లౌడ్ విట్నెస్ ఉంది, ఎజ్యూర్ స్టోరేజ్ అకౌంట్ ఒకటి, బయటికి 443 పోర్టు చాలు. డిస్క్ విట్నెస్ అయితే కనీసం 512 ఎంబీ. విట్నెస్ ఫైల్ షేర్‌ని మాత్రం అదే క్లస్టర్‌లోని నోడ్ మీద పెట్టకండి.

హైదరాబాద్ మొత్తం పోతే ముంబై నోడ్‌ని ఫోర్స్ కోరంతో, అంటే ఓట్లు చాలకపోయినా బలవంతంగా, లేపాలి. ఆ ఒక్క కమాండ్ నొక్కే ముందు హైదరాబాద్ నిజంగా ఆగిపోయిందని ఫోన్‌లో మనిషితో నిర్ధారించుకోండి. అది నడుస్తూనే ఉంటే రెండు వైపులా డేటా రాసుకుంటాయి, కలపడం ఎవరి వల్లా కాదు.

ఆల్వేస్ ఆన్ అవైలబిలిటీ గ్రూప్‌కి కూడా ఇవే సెట్టింగులా?

ఇది డేటాబేస్ కాపీలని (రెప్లికాలని) వేర్వేరు నోడ్ల మీద ఉంచే పద్ధతి. 6 గంటల పరిమితి దీనికీ వర్తిస్తుంది, పై 1254 కథ ఇక్కడా అంతే. కానీ గ్రూప్‌ని క్లస్టర్ మేనేజర్‌లో మూవ్ చేయకూడదు, ఓనర్ల జాబితా మార్చకూడదు. సింక్రొనైజేషన్ స్థితి క్లస్టర్‌కి తెలియదు. ఫెయిలోవర్‌ని ఎస్‌క్యూఎల్ సర్వర్ మేనేజ్‌మెంట్ స్టూడియో నుంచి లేదా టీ-ఎస్‌క్యూఎల్ కమాండ్‌తోనే చేయాలి.

దీనికి అదనంగా మూడు గడియారాలున్నాయి. లీజ్ టైమౌట్ (ఎస్‌క్యూఎల్, క్లస్టర్ బతికే ఉన్నామని ఒకదానికొకటి చెప్పుకోవాల్సిన గడువు) 20 సెకన్లు, హెల్త్ చెక్ టైమౌట్ 30 సెకన్లు, రెప్లికాల మధ్య సెషన్ టైమౌట్ 10 సెకన్లు. లీజ్ టైమౌట్‌లో సగం కంటే హార్ట్‌బీట్ డిలే, థ్రెషోల్డ్‌ల లబ్ధం పెద్దదిగా ఉండాలి. లీజ్‌ని 40కి పెంచితే థ్రెషోల్డ్ 20 దాటాలన్నమాట. ఎర్రర్ 19407 కనిపిస్తే లీజ్ గడువు ముగిసింది. సీపీయూ నూరు శాతంలో ఇరుక్కోవడం, మెమొరీ డంప్ రాయడం, వీఎం ఆగిపోవడం ఈ మూడింటిలో ఒకటి వెతకండి. టైమౌట్ పెంచితే లక్షణం తగ్గుతుంది, కారణం అలాగే ఉంటుంది.

ఫెయిల్యూర్ కండిషన్ లెవెల్ (ఎలాంటి తప్పులకి ఫెయిలోవర్ చేయాలన్న మెట్టు) డిఫాల్ట్ 3. దాన్ని 5కి పెంచమని ఎవరైనా చెబితే వినకండి. క్వెరీ ప్రాసెసింగ్‌లో వచ్చే ఇబ్బందులకి కూడా ఫెయిలోవర్ చేస్తుంది. చెడ్డ క్వెరీ పక్క నోడ్ మీదా చెడ్డదే.

ఫెయిలోవర్ నిమిషంలో అయింది, అప్లికేషన్ మాత్రం ఇరవై నిమిషాల తర్వాత కనెక్ట్ అయింది.

నోడ్లు వేర్వేరు సబ్‌నెట్‌లలో ఉంటే ఇది డీఎన్ఎస్ (పేరుకి ఐపీ చెప్పే సర్వీసు) సంగతి. నెట్‌వర్క్ నేమ్ రికార్డుకి డిఫాల్ట్ 'హోస్ట్ రికార్డ్ టీటీఎల్' (క్లయింట్ ఆ ఐపీని గుర్తుపెట్టుకునే సమయం) 1200 సెకన్లు, సరిగ్గా ఆ ఇరవై నిమిషాలే. క్లయింట్లు పాత ఐపీనే పట్టుకుని ఉంటాయి. కనెక్షన్ స్ట్రింగ్‌లో మల్టీ సబ్‌నెట్ ఫెయిలోవర్ ట్రూ పెట్టగలిగితే, లిజనర్ (క్లయింట్లు కనెక్ట్ అయ్యే పేరు) ఐపీలన్నీ డీఎన్ఎస్‌లో నమోదై ఉంటే, అన్నింటినీ ఒకేసారి ప్రయత్నిస్తుంది, సమస్య తీరుతుంది. పాత డ్రైవర్లకి ఆ వీలు లేకపోతే 'రిజిస్టర్ ఆల్ ప్రొవైడర్స్ ఐపీ'ని 0 చేసి టీటీఎల్‌ని 300కి దించండి.

సెట్టింగ్ మార్చాక దేన్నైనా రీస్టార్ట్ చేయాలా?

పాలసీస్, ఫెయిలోవర్ ట్యాబ్‌లవి, హార్ట్‌బీట్ విలువలు వెంటనే అమల్లోకి వస్తాయి. టీటీఎల్ లాంటి నెట్‌వర్క్ నేమ్ మార్పులకి మాత్రం ఆ పేరుని ఆఫ్‌లైన్ చేసి ఆన్‌లైన్ చేయాలి. దాని మీద ఆధారపడ్డ ఎస్‌క్యూఎల్ కూడా పడుతుంది, కాబట్టి డౌన్‌టైమ్ అడగండి.

నోడ్ బ్లూ స్క్రీన్ ఇచ్చింది, స్టాప్ కోడ్ 9ఈ. హార్డ్‌వేర్ చెడిందా?

బ్లూ స్క్రీన్ ఇప్పించింది క్లస్టరే. రిసోర్స్ 5 నిమిషాలు జవాబివ్వకపోతే క్లస్టర్ ఆ రిసోర్స్ మానిటర్ ప్రాసెస్‌ని చంపి కొత్తది తెస్తుంది, ఈవెంట్లు 1230, 1146 పడతాయి. ప్రాసెస్ చావడానికి కూడా మొరాయిస్తే, డిస్కు మీద రెండు నోడ్లు రాయకుండా ఉండాలని నోడ్‌నే పడేస్తుంది. అసలు కారణం ఎక్కువగా స్టోరేజ్‌లో ఉంటుంది: ఆగిపోయిన ఐఓ, మల్టీపాత్ డ్రైవర్, ఫిల్టర్ డ్రైవర్ పెట్టిన యాంటీవైరస్. అందుకే సర్వర్ కంపెనీకి ఫోన్ చేసే ముందు స్టోరేజ్ లాగులు తీయండి.

లినక్స్‌లో పేస్‌మేకర్ వాడతాం. ఇవన్నీ అక్కడ ఏమంటారు?

రీస్టార్ట్‌ల పరిమితి 'మైగ్రేషన్ థ్రెషోల్డ్'. డిఫాల్ట్ ఇన్ఫినిటీ, అంటే నడుస్తూ పడిపోయేదాన్ని అదే నోడ్ మీద లేపుతూనే ఉంటుంది. 3 పెట్టుకోవడం మామూలు. 'ఫెయిల్యూర్ టైమౌట్' డిఫాల్ట్ 0, పాత వైఫల్యాలని ఎప్పటికీ మర్చిపోదు. దాన్నీ పెట్టాలి, లేదా 'పీసీఎస్ రిసోర్స్ క్లీనప్' కమాండ్ ఇవ్వాలి. వెనక్కి పోకుండా పట్టి ఉంచేది 'రిసోర్స్ స్టికీనెస్', డిఫాల్ట్ 0, దాన్ని 100 చేయండి. స్టార్ట్ వైఫల్యం డిఫాల్ట్‌గా ఒక్కసారికే నోడ్ మార్చేస్తుంది. స్టాప్ విఫలమైతే ఆ నోడ్‌ని ఫెన్స్ చేయడం (బలవంతంగా ఆపేయడం) తప్ప దారి లేదు, కాబట్టి ఆ పని చేసే స్టోనిత్‌ని ఆఫ్ చేసి ప్రొడక్షన్‌కి వెళ్లకండి.

క్లస్టర్ లాగ్‌లో సమయం ఈవెంట్ వ్యూయర్‌తో కలవడం లేదు.

గెట్-క్లస్టర్‌లాగ్ డిఫాల్ట్‌గా యూటీసీలో రాస్తుంది, మన సమయం కంటే 5:30 గంటలు వెనక. రాత్రి 2:10 సంఘటన కోసం ముందు రోజు 20:40 దగ్గర చూడాలి. కమాండ్‌కి యూజ్-లోకల్‌టైమ్ స్విచ్ ఇస్తే ఈ కూడికలు ఉండవు. టైమ్‌స్పాన్ 30 అని ఇస్తే చివరి 30 నిమిషాలే వస్తాయి, వందల ఎంబీల ఫైల్ తెరిచే బాధ తప్పుతుంది.

వెతికేటప్పుడు చివరి నుంచి కాదు, మొదటి వైఫల్యం నుంచి చదవండి. ముందు సిస్టమ్ లాగ్‌లో 1069 చూసి ఏ రిసోర్స్ మొదట పడిందో పేరు పట్టుకోండి. లాగ్‌లో ఆ పేరు 'ఫెయిల్డ్'కి మారిన వరస వెతికి, దానికి పైన ఉన్న ఒకటి రెండు నిమిషాలు చదవండి. ఆ కింద పడిన వందల వరసల్లో చాలావరకు డిపెండెన్సీ వల్ల మిగతా రిసోర్సులు ఒక్కొక్కటీ దిగిపోతూ రాసినవే.